ఇండియా ఫుట్‌బాల్ మ్యాచ్ ఏ స్టేడియంలో చూడాలి? బెంగళూరు తెలుగువాళ్ల కోసం ఒక లెక్క

ఇండియా ఫుట్‌బాల్ జట్టుకి సొంత ఇల్లు అని చెప్పుకోవడానికి ఒక్క స్టేడియం లేదు. ఒక మ్యాచ్ కోల్‌కతాలో, ఇంకోటి గువాహటిలో, తర్వాతది ఎక్కడో. 2024 సెప్టెంబర్ నుంచి 2025 అక్టోబర్ మధ్యే హైదరాబాద్, షిల్లాంగ్, మడ్గావ్ తిరిగింది మన జట్టు. వేదిక ఖరారయ్యేది కూడా చాలాసార్లు ఆఖర్లోనే. అందుకే షెడ్యూల్ వచ్చిన ప్రతిసారీ మా ఆఫీసు తెలుగు గ్రూపులో ఒకటే చర్చ: దీనికి వెళ్దామా, మన బెంగళూరు కంఠీరవ స్టేడియానికి వచ్చేదాకా ఆగుదామా?

చర్చ ఎప్పుడూ కెపాసిటీ దగ్గర మొదలవుతుంది. "అక్కడ 60 వేల మంది పడతారట" అని ఒకరు, "ఇక్కడ 25 వేలే కదా" అని ఇంకొకరు. నా ఉద్దేశంలో అది అసలు లెక్కే కాదు. చూసుకోవాల్సినవి రెండు. మన సీటు నుంచి బంతి ఎంత దూరంలో ఉంటుంది, మ్యాచ్ అయ్యాక రాత్రి ఎలా బయటపడతాం. ఈ రెండూ బాగుంటే చిన్న స్టేడియంలో ఫ్రెండ్లీ మ్యాచ్ కూడా డబ్బులు గిట్టుబాటు చేస్తుంది. రెండూ బాగోలేకపోతే ఎంత పెద్ద మ్యాచైనా ఇంట్లో టీవీలో చూసుకోవడమే మేలు.

ముందు ట్రాక్ సంగతి

మన దేశంలో అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగే స్టేడియాల్లో చాలావరకు ఫుట్‌బాల్ కోసం కట్టినవి కావు. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం 1982 ఆసియా క్రీడలకి కట్టింది. కంఠీరవ 1997 జాతీయ క్రీడలకి, ఇంఫాల్ ఖుమాన్ లంపక్ 1999 జాతీయ క్రీడలకి, గచ్చిబౌలి 2002కి, గువాహటి 2007కి. జాతీయ క్రీడలంటే అథ్లెటిక్స్ ఉండాలి, అథ్లెటిక్స్ అంటే చుట్టూ 400 మీటర్ల ట్రాక్ ఉండాలి. ఆ ట్రాక్ మధ్యలో గడ్డి వేసి గోల్‌పోస్టులు పెడితే అదే ఫుట్‌బాల్ స్టేడియం. ప్రభుత్వం డబ్బుతో ఒకే మైదానంలో అన్ని ఆటలూ ఆడించాలంటే అంతకన్నా దారి లేదు, నిజమే. కానీ టికెట్ కొనేవాడు తెలుసుకోవాల్సిన లెక్క ఒకటుంది.

ప్రామాణిక ట్రాక్ లోపలి జాగా సుమారు 157 మీటర్ల పొడవు, 73 మీటర్ల వెడల్పు. ఫుట్‌బాల్ పిచ్ 105 మీటర్లు, 68 మీటర్లు. అంటే పక్కల్లో మిగిలేది రెండున్నర మీటర్లే. గోల్‌పోస్టుల వెనక మాత్రం ఒక్కోవైపు 26 మీటర్లు ఖాళీ. దానిమీద ఎనిమిది లేన్ల ట్రాక్ మరో 10 మీటర్లు. కాబట్టి టచ్‌లైన్ (పిచ్ పొడవునా ఉండే పక్క గీత) పక్కన కూర్చుంటే మొదటి వరుస నుంచి పిచ్ 12 మీటర్ల దూరం, గోల్ వెనక కూర్చుంటే 36 మీటర్లు. అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతోందో చూడాలంటే 140 మీటర్ల పైమాటే. అంత దూరం నుంచి జెర్సీ నంబర్ కూడా కనబడదు. ఎవరో గోల్ కొట్టారని పక్కవాళ్ల అరుపుల్ని బట్టి తెలుసుకోవాలి.

గోల్ వెనక టికెట్లు ఎక్కడైనా చవకే. ట్రాక్ ఉన్న స్టేడియంలో మాత్రం ఆ చవక టికెట్ నిజానికి ఖరీదైనది. ట్రాక్ ఉంటే టచ్‌లైన్ వైపు పై వరుసలు తీసుకోండి. కింది వరుసలు దగ్గరగా ఉంటాయి గానీ, ట్రాక్ అవతలి నుంచి పిచ్‌ని బల్లపరుపుగా చూస్తుంటే లోతు తెలియదు, ఆఫ్‌సైడ్ అసలే తెలియదు. కాస్త ఎత్తుకి వెళ్తే జట్టు ఎలా నిలబడుతోందో, ఎక్కడ ఖాళీ వదులుతోందో కనబడుతుంది. ట్రాక్ లేని స్టేడియంలో ఈ నియమాన్ని తిరగెయ్యొచ్చు, గోల్ వెనక కూర్చోవడమే ఒక అనుభవం. దాని గురించి గోవాలోని ఫటోర్డా దగ్గర చెప్తాను.

కంఠీరవ

బెంగళూరులో ఉంటూ ఇండియా మ్యాచ్ ఇక్కడికి వస్తే వేరే ఆలోచన అక్కర్లేదు, వెళ్లిపోండి. ట్రాక్ ఉంది, ఎనిమిది లేన్లూ ఉన్నాయి. అథ్లెట్లకీ ఫుట్‌బాల్‌కీ మధ్య ఆ మైదానం ఎవరిదన్న పేచీ ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. అయినా ఈ ఊళ్లో ఫుట్‌బాల్‌కి ఒక అలవాటు పడ్డ జనం ఉన్నారు, అది కొనుక్కుంటే దొరికేది కాదు. బెంగళూరు ఎఫ్‌సీ వచ్చాక వెస్ట్ బ్లాక్ బ్లూస్ పేరుతో పడమటి స్టాండ్‌లో చేరిన కుర్రాళ్లు 90 నిమిషాలూ నిలబడి పాడే పద్ధతి తెచ్చారు. 2016 అక్టోబర్‌లో ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ సెమీస్‌లో మలేషియా జట్టు జోహోర్ దారుల్ తజీమ్‌ని 3-1తో ఓడించింది ఇక్కడే. ఒక భారతీయ క్లబ్ ఆ టోర్నీ ఫైనల్‌కి వెళ్లడం అదే మొదటిసారి.

జాతీయ జట్టుకి కూడా కంఠీరవ అచ్చొచ్చిన చోటే. 2017 అక్టోబర్‌లో మకావుని 4-1తో కొట్టి 2019 ఆసియా కప్‌కి అర్హత సాధించింది ఇక్కడ. 2023 శాఫ్ (దక్షిణాసియా దేశాల) టోర్నీ మొత్తం ఇక్కడే జరిగింది. వానలో పాకిస్తాన్ మీద 4-0, అందులో కెప్టెన్ సునీల్ ఛెత్రీ హ్యాట్రిక్. సెమీస్‌లో లెబనాన్, ఫైనల్‌లో కువైట్, రెండూ పెనాల్టీల దాకా వెళ్లాయి, రెండూ గెలిచాం. కువైట్ ఆఖరి కిక్‌ని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపినప్పుడు స్టేడియంలో ఒక్కరు కూడా కూర్చుని లేరు. 2015లో ఇరాన్ చేతిలో 0-3తో చితికిపోయింది కూడా ఇక్కడే అనుకోండి. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

వెళ్లడం సులువు. వైట్‌ఫీల్డ్, కుందలహళ్లి, కేఆర్ పురం వైపు వాళ్లు పర్పుల్ లైన్ ఎక్కితే దిగాల్సింది కబ్బన్ పార్క్ స్టేషన్. అక్కడి నుంచి కస్తూర్బా రోడ్డు మీదుగా కాస్త నడక. మారతహళ్లి వాళ్లు బండి కుందలహళ్లి స్టేషన్ దగ్గర పెట్టి మెట్రో పట్టుకోవడం మేలు. కారు తీస్తే మాత్రం హడ్సన్ సర్కిల్ దగ్గరే ఫస్టాఫ్ అయిపోతుంది. మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్లిందా, రాత్రి పది దాటుతుంది. ఆఖరి మెట్రో టైము ముందే చూసుకోండి, లేకపోతే మిగతా టెన్షన్ అంతా ఓలా, ఉబర్ రేట్ల మీదే.

సీటు విషయానికొస్తే, గొంతు పోయేలా అరవాలంటే వెస్ట్ బ్లాక్. అమ్మానాన్నలతోనో చిన్నపిల్లలతోనో వెళ్తే ఆ బ్లాక్‌కి కాస్త దూరంగా, అదే స్టాండ్‌లో పైన. మధ్యాహ్నం మూడున్నర మ్యాచైతే తూర్పు స్టాండ్ వద్దు, పడమటి ఎండ సరిగ్గా కళ్లలోకి కొడుతుంది. రాత్రి మ్యాచ్‌కి ఆ బెంగ లేదు. అన్ని స్టాండ్లకీ పైకప్పు లేదు కాబట్టి జూన్‌లో రెయిన్‌కోటు తప్పదు, గొడుగు లోపలికి రానివ్వరు.

ఇంకో మాట. 2025 జూన్ 4న చిన్నస్వామి గేట్ల బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ స్టేడియానికీ కంఠీరవకీ మధ్య దూరం ఎంతో కాదు, రోడ్లూ అవే. పెద్ద మ్యాచ్ అయితే గేట్లు తెరిచే టైముకే వెళ్లండి, టికెట్ మీద ఉన్న గేట్‌కే వెళ్లండి. చేతిలో టికెట్ లేకుండా "అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే" అని పిల్లల్ని వెంటబెట్టుకుని మాత్రం బయల్దేరకండి.

గచ్చిబౌలి

మనవాళ్లకి మనసు లాగే చోటు ఇది. శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. ఇంటికి వెళ్లినట్టూ ఉంటుంది, మ్యాచ్ చూసినట్టూ ఉంటుంది. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ కూడా ఉంది గానీ, సాయంత్రం మ్యాచ్ చూసి అదే రోజు తిరిగి రావడం కుదరదు.

ఆట చూసే చోటుగా చెప్పాలంటే మాత్రం గచ్చిబౌలికి నేను ఎక్కువ మార్కులు వేయలేను. పూర్తి పేరే జీఎంసీ బాలయోగి అథ్లెటిక్ స్టేడియం, పేరులోనే ఉంది అసలు సంగతి. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఇక్కడ జరిగింది, మనోలో మార్క్వెజ్ కోచ్‌గా మొదటి మ్యాచ్‌లు. మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. అదే నవంబర్‌లో మలేషియాతో 1-1: గుర్‌ప్రీత్ ముందుకొచ్చి బంతిని అందుకోలేకపోవడంతో వాళ్ల గోల్, కార్నర్ నుంచి రాహుల్ భేకే తలతో కొట్టింది మనది. మూడు మ్యాచ్‌లు ఆడినా ఒక్క గెలుపూ లేదు.

ఆ భేకే గోల్‌నే తీసుకోండి. కార్నర్ కిక్ అంటే పెనాల్టీ బాక్స్‌లో పది పన్నెండు మంది తోసుకోవడం, ఎవరు ఎవర్ని పట్టుకున్నారు, ఎవరు ముందు ఎగిరారు అన్నదే ఆట. గోల్ వెనక స్టాండ్ నుంచి అయితే ఖాళీ జాగా, ఆ తర్వాత ట్రాక్, ఆ అవతల చిన్నచిన్న మనుషులు. అదే టచ్‌లైన్ వైపు పైన కూర్చుంటే భేకే వెనక నుంచి పరుగందుకోవడం మొత్తం కనబడుతుంది. గచ్చిబౌలిలో టికెట్ కొనేటప్పుడు స్టాండ్ మ్యాప్ చూడకుండా డబ్బులు కట్టకండి.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తేమీ కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఈ ఊరివాడే, తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ కుర్రాడే. అంత చరిత్ర ఉన్న ఊళ్లో ఫుట్‌బాల్ కోసమే కట్టిన పెద్ద స్టేడియం ఒక్కటి లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. 2025 డిసెంబర్‌లో మెస్సీ వచ్చినా ఉప్పల్ క్రికెట్ స్టేడియంకే తీసుకెళ్లారు.

రాకపోకల్లో ఒక చిక్కు. స్టేడియం దాకా మెట్రో లేదు, దగ్గర్లో ఉన్నది రాయదుర్గం స్టేషన్. పనిరోజు సాయంత్రం ఐటీ కారిడార్ ట్రాఫిక్ ఎలా ఉంటుందో బెంగళూరు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. విమానంలో దిగేవాళ్లకి మాత్రం హాయి, శంషాబాద్ నుంచి ఓఆర్ఆర్ మీద నేరుగా వచ్చేయొచ్చు.

సాల్ట్‌లేక్

కోల్‌కతాలో ఆట సరిగ్గా కనబడుతుందని నేను చెప్పను. ట్రాక్ ఉంది, మూడంతస్తుల గ్యాలరీ, పైన కూర్చుంటే ఆటగాళ్లు చీమల్లా ఉంటారు. అయినా జీవితంలో ఒక్కసారి వెళ్లాలి. ఎందుకంటే ఆ ఊళ్లో జనం మ్యాచ్‌కి వచ్చినట్టు రారు, ఇంట్లో పెళ్లికి వచ్చినట్టు వస్తారు. 1984లో తెరిచిన ఈ స్టేడియంలో 1997 జులై 13న ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఫెడరేషన్ కప్ సెమీస్‌కి లక్షా 30 వేల మందికి పైగా వచ్చారు. ఇప్పుడు బకెట్ సీట్లు వేశాక 68 వేల లోపే. 2011లో మెస్సీ అర్జెంటీనా కెప్టెన్‌గా వెనిజువెలాతో ఆడింది ఇక్కడ. 2017 అండర్-17 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్ రెండు గోల్స్ వెనకబడి స్పెయిన్‌ని 5-2తో కొట్టింది కూడా ఇక్కడే.

2024 జూన్ 6న కువైట్‌తో 0-0, ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్. ఆటగా చూస్తే చప్పగా సాగింది, జనం మాత్రం దాదాపు 59 వేల మంది. ఆ తర్వాత ఛెత్రీ మనసు మార్చుకుని 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులతో మళ్లీ ఆడాడు, గోల్ కూడా కొట్టాడు. వీడ్కోలుకని విమానం టికెట్లు కొన్నవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక ఊరుకున్నారు.

బెంగళూరు నుంచి రైల్లో ఒక రోజు పైనే, కాబట్టి విమానమే. రైల్లో వచ్చేవాళ్లకి ఇప్పుడు ఒక సుఖం ఉంది: 2025 ఆగస్టులో గ్రీన్ లైన్ పూర్తయ్యాక హౌరాలో మెట్రో ఎక్కితే మారకుండా సాల్ట్‌లేక్ స్టేడియం స్టేషన్‌లో దిగొచ్చు. జూన్ మ్యాచైతే ఉక్కపోతకి సిద్ధపడండి. ఆట కన్నా సెలబ్రిటీ హడావుడి ఎక్కువుండే ఈవెంట్లకి మాత్రం దూరంగా ఉండండి. 2025 డిసెంబర్ 13న మెస్సీ సరిగ్గా కనబడలేదని జనం సీట్లు విరిచి లోపలికి విసిరింది ఈ స్టేడియంలోనే.

ఫటోర్డా

మడ్గావ్‌లోని ఈ స్టేడియం 1989 నాటిది, ఇప్పుడు 19 వేల సీట్లు. చిన్నదే. కానీ ట్రాక్ లేదు. కెప్టెన్ కేకలు, గోల్‌కీపర్ డిఫెండర్లని తిట్టడం, బూటు తగిలి బంతి చేసే చప్పుడు, అన్నీ సీట్లోకి వినబడతాయి. గోల్ వెనక కూర్చుంటే ఫ్రీకిక్ గోడ మీదుగా వంపు తిరిగి మనవైపే వస్తుంది. టీవీలో ఎన్నేళ్లు చూసినా ఆ వంపు ఎంతో మనకి తెలియదు. ఆట కోసమే ఒక్క ప్రయాణం చేస్తానంటే నా ఓటు దీనికే.

జట్టుకి మాత్రం ఇటీవల ఇక్కడ చేదు గుర్తే మిగిలింది. 2025 అక్టోబర్ 14న ఛాంగ్తే గోల్‌తో ముందుండి కూడా సింగపూర్‌కి 1-2తో ఓడి 2027 ఆసియా కప్ ఆశ వదులుకున్నాం.

యశ్వంత్‌పూర్–వాస్కో రైలు మడ్గావ్‌లో ఆగుతుంది, దారి దూద్‌సాగర్ జలపాతం మీదుగానే. అక్టోబర్, నవంబర్‌లో మ్యాచ్ పడితే వాతావరణం బాగుంటుంది, కాకపోతే హోటల్ రేట్లు టూరిస్టు రేట్లే. కుటుంబంతో వెళ్తే మిగతావాళ్లు బీచ్‌కి, మీరు స్టేడియంకి. ఇంట్లో ఒప్పించడానికి ఇంతకన్నా మంచి వేదిక లేదు.

కొచ్చి, భువనేశ్వర్, మిగతావి

కొచ్చి కలూరు స్టేడియంలో క్రికెట్ కూడా ఆడతారు కాబట్టి మైదానం గుండ్రం, కొన్ని సీట్లు దూరమే. కానీ ఆ మూడంతస్తుల గిన్నెలో శబ్దం బయటికి పోదు. అక్కడి క్లబ్ కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్ ఒక్కటి చూసినా అర్థమవుతుంది. బెంగళూరు నుంచి రాత్రి రైలుంది, ఎర్నాకుళం టౌన్‌లో దిగితే దగ్గర్లోనే టౌన్ హాల్ మెట్రో, రెండు స్టాపుల తర్వాత స్టేడియం. రాకపోకల్లో దక్షిణాదిన దీనికే మొదటి మార్కు. జూన్ మ్యాచ్ అయితే మాత్రం వాన గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

భువనేశ్వర్ కళింగ స్టేడియంలో 15 వేల సీట్లే, ట్రాక్ ఉంది. 2023 జూన్‌లో లెబనాన్‌ని 2-0తో ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్ గెలిచాం. అదే నవంబర్‌లో ఖతార్ చేతిలో 0-3. ఊళ్లో క్రీడల నిర్వహణ బాగుంటుంది, స్టేడియం నిండినప్పుడు మంచి సందడి. ఇది ముఖ్యంగా బెంగళూరులో పనిచేస్తూ ఊరు శ్రీకాకుళం, విజయనగరం అయినవాళ్లకి చెప్తున్నాను. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విశాఖ మీదుగా భువనేశ్వర్ దాకా వెళ్తుంది. మీ ఇంటి నుంచి హైదరాబాద్ కన్నా కళింగ స్టేడియమే దగ్గర.

గువాహటికి మ్యాచ్ కోసమే వెళ్లమని చెప్పను. 2017 అండర్-17 ప్రపంచకప్ సెమీస్ వానకి పిచ్ పాడై ఇక్కడి నుంచి కోల్‌కతాకి తరలించారు, 2024 మార్చిలో ఛెత్రీ 150వ మ్యాచ్‌లో అఫ్గానిస్తాన్ చేతిలో ఓడిందీ ఇక్కడే. షిల్లాంగ్, ఇంఫాల్ జనం ఫుట్‌బాల్ పిచ్చోళ్లు, ఎలాగూ ఈశాన్యం చూడాలనుకుంటే ప్రయాణాన్ని మ్యాచ్‌కి కలుపుకోండి. ఢిల్లీ నెహ్రూ స్టేడియం మరీ పెద్దది, మరీ దూరం నుంచి చూడాలి. ముంబై అంధేరి అరీనా అందుకు పూర్తిగా వ్యతిరేకం, కొన్ని వేల సీట్లే. 2018 జూన్‌లో చైనీస్ తైపీ మ్యాచ్‌కి జనం లేక, "వచ్చి తిట్టినా సరే, స్టేడియంకి రండి" అన్నట్టు ఛెత్రీ వీడియోలో వేడుకుంటే, కెన్యాతో ఆడిన అతని వందో మ్యాచ్‌కి టికెట్లన్నీ అయిపోయాయి. చెన్నై నెహ్రూ స్టేడియం సెంట్రల్ స్టేషన్ దగ్గర్లోనే ఉన్నా జాతీయ జట్టు మ్యాచ్‌లు అక్కడికి రావడం అరుదు.

ఏది ఎవరికి

మొదటిసారి స్టేడియంలో ఫుట్‌బాల్ చూడబోతున్నవాళ్లు ఇండియా మ్యాచ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. ముందు కంఠీరవలో ఒక బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్ చూడండి, ఏ స్టాండ్ మీకు నప్పుతుందో తెలుస్తుంది. పిల్లలున్నవాళ్లు కంఠీరవ లేదా ఫటోర్డా. ఊరెళ్లే పని ఉన్నవాళ్లు గచ్చిబౌలి, టచ్‌లైన్ వైపు టికెట్ దొరికితేనే. ఆట కన్నా జనాన్ని చూడాలనుకునేవాళ్లు సాల్ట్‌లేక్, అదీ బంగ్లాదేశ్ లాంటి పోటీ ఉన్న మ్యాచ్‌కి. 2019 అక్టోబర్‌లో 88వ నిమిషంలో ఆదిల్ ఖాన్ స్కోరు సమం చేసినప్పుడు అక్కడ లేనివాళ్లు కూడా ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు.

ఫిఫా విండోలు, అంటే క్లబ్ మ్యాచ్‌లు ఆగి జాతీయ జట్లు ఆడే రోజులు, సాధారణంగా మార్చి, జూన్, సెప్టెంబర్–అక్టోబర్, నవంబర్‌లో వస్తాయి. సెలవు ముందే అడిగిపెట్టుకోండి. విమానం టికెట్ మాత్రం వేదిక అధికారికంగా ప్రకటించాకే కొనండి, అప్పుడు కూడా క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి. రైలు టికెట్ అయితే రెండు ఊళ్లకీ తీసి పెట్టుకుని ఒకటి రద్దు చేసుకున్నా పోయేది కొద్దిగానే.